ఉబ్బులయ్య వీపెక్కిన మూటలమ్మ

ఉప్పునీటి యంత్రాల సంగతి ఈ లోకంలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. లోకమంటే, కాకినాడలో ఓ పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులో ఉన్న నాలుగడుగుల గాజు తొట్టి. యంత్రాలంటే, అందులో ఉన్నది ఒక్కటే. అదెలా పనిచేస్తుందో మొన్న ఆదివారం దాకా నాకు తెలియదు.

నేను చారల చేపను. మా తొట్టి వెనక గోడకు స్కిమ్మర్ అనే పెట్టె వేలాడుతుంటుంది. అది మా నీళ్ళను లోపలికి లాగి, బుడగలతో చిలికి, మా మురికినంతా నురగ చేసి పైనున్న కప్పులోకి నెట్టేస్తుంది. ఆ ఆదివారం మాత్రం కప్పులోకి నురగ రాలేదు. నీళ్ళు జిడ్డు కట్టాయి, పగడాలు ముడుచుకున్నాయి, మాకు ఊపిరి బరువైంది. క్లినిక్కుకు సెలవు, డాక్టరమ్మ రాదు.

మా తొట్టికి పెద్దమనిషి ఉబ్బులయ్య. ఒళ్ళంతా ముళ్ళున్న బుడగ చేప. ఆయన క్షణంలో తీర్పు చెప్పేశాడు.

"ఇదంతా ఆ మూటలమ్మ పనే! పొద్దస్తమానం అడుగున చేరి మురికి కెలుకుతుంది."

మూటలమ్మంటే, అరువు గవ్వను ఇల్లులా వీపున మోసుకు తిరిగే పీత. "మురికి తినేదాన్ని బాబూ, చేసేదాన్ని కాదు," అంది.

"నోర్ముయ్! పొద్దుగూకేలోగా నురగ రాలేదంటే నిన్ను గవ్వతో సహా నమిలేస్తా."

ఉబ్బులయ్య పళ్ళు గవ్వలు కొరకడానికే పుట్టాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. అయినా ఆ మాట పైకనే ధైర్యం మాలో ఎవరికుంది?

నేనైతే ఏడ్చేసేవాణ్ణి. ఆవిడ మాత్రం తాపీగా నా వైపు తిరిగింది.

"అల్లుడూ, నీ కళ్ళు కాస్త అరువియ్యి. మోటారు తిరుగుతోందా?"

"గుయ్యిమంటోందత్తా."

"నీళ్ళు పోయి వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"మరి లోపల బుడగలు?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు."

"అయితే జబ్బు నీటిది కాదు, గాలిది. గాలి ఎటునుంచి పోతుందో చూడు."

చూశాను. గట్టు మీద, నీటికి నాలుగు వేళ్ళ పైన, పెట్టెలోకి దిగే ఓ సన్నటి నల్ల గొట్టం. "దీని మూతి తెల్లగా ఉందత్తా!"

"నల్ల గొట్టానికి తెల్ల మూతా? ఉప్పురా అది! చిందిన చుక్కలు ఎండి ఎండి బిరడా అయి కూర్చున్నాయి."

రోగం దొరికింది, మందే అందదు. గాజు గోడ నున్నన, పీత కాళ్ళు నిలవవు. మూటలమ్మ రాళ్ళ కొస దాకా పాకి, ఉబ్బులయ్యకు వినబడేలా నిట్టూర్చింది.

"ఒకప్పుడు ఉబ్బులయ్యగారు ఉబ్బితే గట్టు దాటేవారట. ఇప్పుడు పెద్దవారైపోయారు, పాపం."

"ఎవరే పెద్దవాడు?" అంటూ ఆయన పైకొచ్చి, గుటగుటా గాలి మింగి, బంతిలా ఉబ్బి తేలాడు. "దాటానా?"

"ఇంకాస్త ఇటు జరగండి బాబూ. ఆ... ఇంకాస్త ఉబ్బండి."

ముళ్ళే మెట్లయ్యాయి. గవ్వ నిండా నీళ్ళతో ఆవిడ ఎక్కేసింది.

"వీపు మీద ఏమిటే ఈ బరువు?"

"మీ గొప్పతనమే బాబూ, మోయక తప్పుతుందా!"

గట్టు మీద, నీళ్ళే లేని చోట, ఆవిడ రవ్వంత కంగారుపడలేదు. గవ్వలోని నీళ్ళు ఉప్పు మీద ఒంపింది. నానేదాకా ఆగింది. అప్పుడు డెక్కతో ఒక్కో పెచ్చూ ఊడదీసింది. కింద మేం పదిసార్లు చచ్చి బతికాం. ఆ ఓపికకు నా చారలన్నీ దిష్టి తీసి ఇచ్చెయ్యొచ్చు.

"స్సూ..." గొట్టం ఊపిరి పీల్చింది. పెట్టెలో పాలు పొంగినట్టు బుడగలు లేచాయి. పొద్దుగూకకముందే టీ రంగు నురగ కప్పులోకి జారింది. పగడాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

"చూశారా? నేను ఉబ్బాను, నురగ వచ్చింది!" అన్నాడు ఉబ్బులయ్య, మింగిన గాలి దిగక వెల్లకిలా తేలుతూ.

"అవును మరి," అంది గట్టు మీంచి నీళ్ళలోకి దూకిన మూటలమ్మ, "నిచ్చెన లేకుండా మేడ ఎక్కగలమా?"

తొట్టంతా పకపకలాడింది. ఉబ్బులయ్య పైకప్పు చూస్తూ గుర్రుమన్నాడు, అంతకంటే ఏం చేయగలడు?

ఆ రోజు నుంచీ మా తొట్టిలో అందరిదీ ఒకటే నీతి: ఊపిరాడనప్పుడు వెతకాల్సింది దోషిని కాదు, మూసుకుపోయిన దారిని.

ఈ నీతి అందరికంటే నాకే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే, క్లినిక్కుకొచ్చిన పిల్లల్ని నవ్విద్దామని రోజూ ఆ గొట్టమున్న మూలకే పోయి, తోకతో నీళ్ళు చిమ్మింది నేనే.