ఇఫీ పడవ

నేను దేన్నీ తొందరపడి నమ్మను. ఇది నాలోని గొప్ప వివేకమని చిన్నప్పటి నుంచి నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇంకెవరూ చెప్పలేదు.

ఇంగ్లీషు కూడా నాకు నేనే నేర్చుకున్నాను, అట్టలు ఊడిన నిఘంటువులోంచి. మా రేవులో ఆ భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని వేట మొదలయ్యే ముందు, ఏ పడవ ఎలా ఉందో చేపల ఆఫీసుకు చీటీలు నేనే రాసేవాణ్ణి. పోలయ్య తన పడవకు కొత్త పలకలు వేయించాడు. గట్టిగా ఉందని రాస్తే సరిపోయేది. "ఇఫీ" అని రాశాను.

ఆఫీసరు పడవ ఆపేశాడు.

పోలయ్య నా రెక్క పట్టుకుని దర్గాకు లాక్కెళ్లి, నా గురువు మదారు బాబా ముందు నిలబెట్టాడు.

"తెల్లారితే అందరూ వేటకు పోతారు బాబా. నేను ఒడ్డున కూచోవాలంట. నీ శిష్యుడేం రాశాడో అడుగు."

"ఏం రాశావయ్యా?"

సంబరంగా చెప్పాను. "ఇఫ్ అంటే ఒకవేళ, బాబా. దానికి తోక తగిలిస్తే ఇఫీ. ఒకవేళలే తప్ప గట్టిగా చెప్పలేనిది. ఫిషీ అని కూడా రాయొచ్చు. అది చేప కంపులోంచి పుట్టింది. కంపు కొడితే అనుమానించాలని..."

"ఈ ఊళ్లో చేప కంపు కొట్టనిదేదిరా?" అన్నాడు పోలయ్య. "నా పెళ్లాన్ని కూడా అనుమానించమంటావా?"

బాబా కళ్లు మూసుకున్నారు. "పడవ చూశావా?"

"అనుమానమే కదా బాబా. దానికి చూడాల్సిన పనేముంది?"

"యా అల్లా!" అంటూ ఆయన లేచారు. ఊదు గిన్నెలోని బూడిద పట్టుకుని రేవుకు నడిచారు. పడవ లోపల అడుగంతా చల్లారు. కొత్త పలకలను మా దగ్గర అలాగే పరీక్షిస్తారు. ఎక్కడ నీరు ఊరితే అక్కడ బూడిద నల్లబడుతుంది.

"ఎక్కు," అన్నారు.

మోకాలి లోతు నీళ్లలో నడిచి ఎక్కాను. వాళ్లిద్దరూ వెనక చెక్క మీద ఉండి, నన్నొక్కణ్ణే మధ్యలో బూడిదలో కూచోబెట్టారు. పోలయ్య తెడ్డేశాడు. అలలు దాటాం. నేను బూడిద మీంచి కళ్లు తీయలేదు.

"అదిగో!" అని అరిచాను. "నల్లబడింది! నేను చెప్పలా?"

పోలయ్య చేతిలో తెడ్డు ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

బాబా వంగి చూశారు. నిట్టూర్చి, భుజం మీది తువ్వాలు తీసి నాకిచ్చారు.

"కాళ్లు తుడుచుకో నాయనా."

మచ్చ నా పాదాల చుట్టూనే ఉంది. మిగతా అడుగంతా పొడిగా, తెల్లగా ఉంది.

సాయంత్రమే ఇంకో చీటీ రాశాను. పోలయ్య దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుని, అయినా నా వంక అదోలా చూసి, ఆఫీసుకు పట్టుకుపోయాడు. తెల్లవారి అందరితోపాటు వేటకు వెళ్లాడు.

ఇది జరిగి ఇరవై ఏళ్లు. అనుమానానికి ఇంగ్లీషులో ఇప్పుడు నాకు పదకొండు మాటలు వచ్చు. కాళ్లు తుడుచుకోవడం ఇంకా రాలేదు.