కంపు పురుగు, గంధపు చేతులు

“ఓబులేశూ, కాస్త దూరంగా నిలబడవయ్యా,” అన్నారు మహారాజు, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకొని. “నెల్నాళ్ళుగా నీ చేతులు ఒకటే కంపు.”

విదూషకుడు ఓబులేశు నాలుగడుగులు వెనక్కి జరిగాడు. పక్కనున్న మాంత్రికుడు మార్తాండుడు ఆరడుగులు జరిగాడు. ఆయన ఒళ్ళంతా మంచిగంధం.

ఆ రోజు సన్మానం ఆయనకే. రైతు పుల్లప్ప వరిచేను పాలు పోసుకునే వేళ కంపు పురుగులు పడ్డాయి. వీపున డాలు కట్టుకున్న బంట్లలా వరి వెన్నులెక్కి గింజలో పాలు పీల్చసాగాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు. తన మంత్రమే తరిమిందన్నాడు మార్తాండుడు. కానుకగా ఆ చేనే అడిగాడు.

గుమ్మం దగ్గర పుల్లప్ప తల వంచుకొని నిలబడ్డాడు. ఉన్నది ఆ ఒక్క చేనే. వెనక అతని కూతురు నీలవేణి. ఆమె కళ్ళు చెమ్మగిల్లేసరికి ఓబులేశుకు సభలో దీపాలన్నీ కొండెక్కినట్టయింది.

“చేను ఇచ్చేముందు ఒక్క పురుగు ప్రభూ,” అంటూ మడిచిన తామరాకు విప్పి మార్తాండుడి భుజం మీద దులిపాడు. “అయ్యవారు దీన్నీ మంత్రంతో పంపించేస్తారు. చెయ్యి మాత్రం వెయ్యకూడదు.”

మార్తాండుడు మంత్రం అందుకున్నాడు. పురుగు మెడ ఎక్కింది. ఆయన గొంతు పెంచాడు. అది చెవిలోకి తొంగి చూసింది.

చటుక్కున నలిపేశాడు.

సభంతా ఉత్తరీయాలు ముక్కుల మీదికి లేచాయి.

“ఈ కంపు ఎరిగినదే,” అన్నారు మహారాజు.

“చిత్తం, నా చేతులదే. దీని జోలికి వెళ్ళినవాణ్ణి వారం దాకా వదలదు. చేనంతా తరిమిన అయ్యవారు మాత్రం ఇందాకటిదాకా గంధం వాసనే వేశారు.”

“మరి తరిమిందెవరు?”

నీలవేణి మెల్లగా నోరు విప్పింది. “తెల్లారగట్ల మంచుకు తడిసి అవి చప్పున ఎగరలేవు దొరా. అప్పుడు వెన్నులు కుంకుడు నీళ్ళ చట్టిలోకి దులిపాం. నాయనా, నేనూ... ఈయనా.”

మార్తాండుడు చేతులు కడుక్కొస్తానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

మహారాజు పొట్ట పట్టుకొని నవ్వారు. చేను పుల్లప్పదేనన్నారు. మాంత్రికుడికి తెప్పించిన శాలువా ఓబులేశుకు కప్పారు, చేతులు చాచినంత దూరం నుంచే.

“అంతా బాగుంది కానీ, వరికీ గడ్డికీ తేడా తెలియదు నీకు. పురుగుల కోసం పొలం వెళ్ళావా?”

ఓబులేశు శాలువా అంచు నలిపాడు.

“పురుగుల కోసం కాదు ప్రభూ. నీలవేణి కోసం వెళ్ళాను.”