ఇత్తడి మడమ తుపాకీ

వెదురుకోన అనే అడవిలో అడవిదున్నలు, దుప్పులు, కొండముచ్చులు, ఒక ముసలి పులి ఉండేవి. అడవి నడుమ ఉప్పుగుంట అని ఒక చోటుంది. అక్కడి మట్టి ఉప్పగా ఉంటుంది. వేసవి వచ్చిందంటే జంతువులు ఆ మట్టి నాకి బలం తెచ్చుకునేవి. రాత్రిపూట అక్కడ పులి కాపు కాసేది కాబట్టి పగలే వచ్చి పోయేవి.

అడవిదున్నల మందకు పెద్ద కాటుకమ్మ. వయసు మళ్లింది, ఒక కొమ్ము కొన విరిగింది. అయినా ఆమె మాట మందలో ఎవరూ జవదాటరు, కొడుకు ఉక్కుకొమ్ము తప్ప. వాడికి తన కొమ్ములంటే మహా గొప్ప. నీళ్లు తాగడానికి వంగినా ముందు తన నీడే చూసుకునేవాడు.

ఆ వేసవిలో జగ్గరాయుడనే దొర వేటకు వచ్చాడు. వాళ్ల తాత పటాలంలో పనిచేసి తెచ్చుకున్న పాత తుపాకీ అతని దగ్గరుంది. పొడుగాటి గొట్టం, దాని వెనక కర్ర మడమకు ఇత్తడి రేకు. ఈ గుట్ట మీద పేలిస్తే ఆ గుట్ట మీద జంతువు పడుతుంది. ముందు జంతువు కూలేది, తర్వాత చప్పుడు వినబడేది. దెబ్బ ఎటునుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టేది కాదు.

దుప్పులు కొన్ని చచ్చాయి. మిగిలినవి కొండ దాటి వెళ్లిపోయాయి.

"మనమూ పోదాం పెద్దమ్మా," అన్నాయి దున్నలు.

కాటుకమ్మ తన మనవరాలి వైపు చూసింది. అది ఉక్కుకొమ్ము కూతురు, పాలు తాగే పెయ్య. ఉప్పు దొరక్క తల్లికి పాలు తగ్గి, ఆ పెయ్య నిలబడలేక తూలుతోంది. కొండ అవతల ఉప్పు లేదు. పోతే అది బతకదు.

"ఎక్కడికీ పోం. ఈ గుంటలో మా అమ్మ నాకింది, వాళ్లమ్మ నాకింది. నిన్న వచ్చినవాడు పొమ్మంటే పోవడానికి ఇది వాడి పెరడా?" అంది కాటుకమ్మ. "కాకపోతే వాడెక్కడ ఉన్నాడో తెలిసేదాకా వెదురు దాటి ఎవరూ బయటికి రావద్దు."

"దాక్కోవడానికి మనమేమైనా కుందేళ్లమా అమ్మా?" అన్నాడు ఉక్కుకొమ్ము. "నా కొమ్ములు ఒక్కసారి చూస్తే ఆ దొర చెప్పులు వదిలేసి పరిగెత్తుతాడు."

"చూపిద్దువుగాని, వాడు దగ్గరికి వచ్చినప్పుడు," అంది తల్లి.

వాడు వింటేనా? మిట్టమధ్యాహ్నం గుంట నడిబొడ్డున నిలబడి, తలెత్తి రంకె వేశాడు. ఎదురుగుట్ట మీద ఏదో తళుక్కుమంది. ఉక్కుకొమ్ము కూలిపోయాడు. ఆ తర్వాత వచ్చింది చప్పుడు.

కాటుకమ్మ ఏడ్చింది. మందంతా వినేలా, గుండె పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూనే ఆ తళుకును గుర్తు పెట్టుకుంది. చిటారు అనే కొండముచ్చును పిలిచి, ఎదురుగుట్ట మీద మెరిసేదేమిటో చూసి రమ్మంది.

మర్నాడు చిటారు మూతి నిండా చింతపండు పూసుకుని వచ్చాడు.

"అది తుపాకీ ఇత్తడి, అత్తా. దొర పొద్దున్నే చింతపండుతో దాన్ని తోముతున్నాడు, దేవుడి చెంబులు తోమినట్టు. మిగిలిన చింతపండు నేను లాక్కొచ్చాను. 'బావా, దానికి కాస్త మసి పూయి, ఆ మెరుపు జంతువుల కంట పడుతుంది,' అని వాళ్ల బావమరిది చెప్పాడు. 'మా తాత తుపాకీకి మసా? కావాలంటే నీ మొహానికి పూసుకో,' అన్నాడు దొర."

"తోముకోనీ," అంది కాటుకమ్మ. "వాడెక్కడ ఉన్నాడో వాడే చెబుతాడు."

ఆనాటి నుంచి చిటారు ఎత్తయిన చెట్టెక్కి కూర్చున్నాడు. గుట్ట మీద ఇత్తడి మెరిస్తే ఖర్రుమని అరిచేవాడు. మంద వెదురులోకి తప్పుకునేది. దొర అన్నానికి డేరాకు దిగితే మంద ఉప్పుగుంటకు వెళ్లేది. తల్లికి పాలు పడ్డాయి. పెయ్య లేచి గంతులు వేసింది.

దొరకు ఒక్క జంతువూ చిక్కలేదు. చిర్రెత్తుకొచ్చి ఇత్తడిని ఇంకా గట్టిగా తోమాడు. చివరికి, "పొదలో దాక్కుంటే వదులుతాననుకున్నాయా?" అంటూ తుపాకీ పట్టుకుని వెదురులోకే వచ్చాడు.

వెదురు సందుల్లోంచి ఎండ పడుతోంది. అడుగడుగునా ఇత్తడి మెరుస్తోంది. మంద ఊపిరి బిగబట్టి నిలబడింది. కాటుకమ్మ చుట్టూ తిరిగి వచ్చి, సరిగ్గా అతని వెనక బుస్సుమంది.

దొర గిర్రున తిరిగాడు. తుపాకీ తిరగలేదు. పొడుగాటి గొట్టం రెండు వెదుళ్ల మధ్య ఇరుక్కుంది. లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంది. అవతలి గుట్ట మీది జంతువును చంపే తుపాకీ వెనక నిలబడ్డ ముసలిదాన్ని ఏమీ చేయలేకపోయింది.

"దగ్గరికి వచ్చావు కదా, ఇప్పుడు చూడు కొమ్ములు," అంది కాటుకమ్మ.

దున్నల భాష దొరకు రాదు. అయినా బాగానే అర్థమైంది. తుపాకీ వదిలేశాడు, చెప్పులూ వదిలేశాడు, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. పడుచు దున్నలు అతన్ని అడవి పొలిమేర దాకా తరిమాయి.

కాటుకమ్మ అతని వెంట పడలేదు. విరిగిన కొమ్ముతో తుపాకీని కిందికి లాగి, గొట్టం వంకర పోయి కర్ర చెక్కలయ్యేదాకా తొక్కింది. ఇత్తడి రేకు ఒక్కటే మిగిలింది.

"నాయనమ్మా, ఇది ఎంత బాగా మెరుస్తోందో," అంది పెయ్య.

"మీ నాన్నను చంపింది ఇదే."

పెయ్య కాసేపు దాన్నే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, తోకెత్తి, దాని మీద పేడ వేసింది. ఆ పైన నాయనమ్మా మనవరాలూ పట్టపగలు ఉప్పుగుంట నడిబొడ్డుకు నడిచి వెళ్లి, ఉక్కుకొమ్ము కూలిన చోటనే నిలబడి, కడుపారా మట్టి నాకారు.

నీతి: గొప్ప చూపించుకోబోయినవాడు తనను తానే పట్టిస్తాడు, కళ్లు తెరుచుకుని తన చోట నిలబడినవాడిని ఎంతటి ఆయుధమూ కదిలించలేదు.