రెండు సిస్టమ్‌లు, ఒక్క గడియారం

మా గురువుగారు చామర్తి సోమన్న సిద్ధాంతి గారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. ఈ అలవాటుకు మేం శిష్యులం విసుక్కున్న రోజులున్నాయి. అబద్ధమెందుకు, అందరికన్నా నేనే ఎక్కువ విసుక్కున్నాను.

సుభాషిణి జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. నలభై దాటిన మనిషి. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గర పాత పద్ధతిలో పంచాంగ గణితం నేర్చుకుంటోంది. ఒకనాటి ఉదయం వచ్చి, "గురువుగారూ, రాజమండ్రిలో ఒకాయన కొత్త పద్ధతి చెబుతున్నారట. నేర్చుకోవాలని ఉంది, కాని భయంగా ఉంది. ఆ కొత్తది వచ్చి మీరు చెప్పినదాన్ని తుడిచేస్తే?" అంది.

ఆయన మూలనున్న కంప్యూటర్ చూపించారు. "కొత్త లెక్కల ప్రోగ్రాం ఇందులోని పాత సిస్టమ్ మీద నడవదట. పాతదాన్ని ఉంచి, పక్కన రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యమ్మా."

అందులో ఇరవై రెండేళ్ల పంచాంగాలున్నాయి. నకలు తీసిన డిస్కు నిరుడు వరదలో పోయింది.

సుభాషిణి మొదలుపెట్టింది. మధ్యలో కంప్యూటర్ అడిగింది: ఉన్నదంతా తుడిచి వేయనా, పాతదాని పక్కన వేయనా? "రెండోది, రెండోది!" అని నేను అరిచాను. అరగంటకి నల్లని తెర మీద రెండు పేర్లు వచ్చాయి. కొత్తది తెరిచింది, బాగానే నడిచింది. మళ్లీ పాతది తెరిచింది. పంచాంగాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"హమ్మయ్య! ఏదీ పోలేదండీ," అని నవ్వింది. గురువుగారు పెరట్లోకి స్నానానికి వెళ్లారు.

అప్పుడే కొబ్బరికాయల నూకరాజు పరుగున వచ్చాడు. వీధిలో ఆటో ఆగి ఉంది. "అమ్మగారూ, మా కోడలికి నొప్పులొచ్చేశాయండి. ఆసుపత్రికి బయల్దేరాం. వర్జ్యం గానీ ఉందేమో కాస్త చూడండమ్మా!"

సుభాషిణి పాత సిస్టమ్‌లోని పంచాంగం ప్రోగ్రాంలో 'ఇప్పుడు' అన్న బటన్ నొక్కింది. వర్జ్యం నడుస్తోంది, ఇంకా గంటా పది నిమిషాలుందని వచ్చింది. "ఆగాలి నూకరాజూ," అంది. అతను ఆగాడు. ఆటోలో ఆ పిల్ల మూలుగు మాకు వినబడుతూనే ఉంది. అయినా పంచాంగం మాట కాదనే ధైర్యం నాకెక్కడిది?

పావుగంటకి గురువుగారు తడిబట్టలతో వచ్చారు. సంగతి విని వాకిట్లోకి చూశారు. తులసికోట నీడ దాని మొదట్లోకి ముడుచుకుని ఉంది.

"ఇవాళ్టి వర్జ్యం తెల్లవారి ఆరూ నలభైకే వెళ్లిపోయింది. నేను రాసిన వర్జ్యం నాకు తెలీదూ? అసలు నొప్పులకి వర్జ్యమేంటయ్యా! పోనీ, పోనీ ఆటో!"

ఆటో వెళ్లాక సుభాషిణి తెర మూలకి చూసింది. పదకొండుంబావు కావలసిన చోట ఐదూ నలభై అయిదు ఉంది. తర్వాత తెలిసింది, రెండు సిస్టమ్‌లకీ లోపల గడియారం ఒక్కటేనట. కొత్తది దాన్ని లోకమంతటికీ పనికొచ్చే టైముకి, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక్కి, మార్చి పెట్టింది. పాతది అదే మన టైమనుకుంది. రెండూ వాటి వాటి లెక్కన సరిగానే ఉన్నాయి.

మధ్యాహ్నం మూడింటి దాకా మేం ముగ్గురం అన్నం ముట్టలేదు. ఫోన్ మోగితే తీయడానికి కూడా నాకు భయమేసింది. మగపిల్లాడట. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకో పావుగంటైతే తన చేతుల్లో ఉండేది కాదని, ఇంతసేపూ ఎక్కడ కూర్చున్నారని డాక్టరమ్మ కేకలేసిందట. అదీ నూకరాజు నవ్వుతూనే చెప్పాడు. మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

సుభాషిణి కళ్లు తుడుచుకుంది. "ఇక నేను రాజమండ్రి వెళ్లనండి, గురువుగారూ."

"ఎందుకెళ్లవూ? వెళ్లు. ఇదీ ఉంటుంది, అదీ ఉంటుంది," అన్నారాయన. "వీధిలో ఆటో ఆగి ఉన్నప్పుడు మాత్రం, రెండిట్లో ఏది తెరిచే ముందైనా ఒక్కసారి వాకిట్లోకి వెళ్లి రామ్మా," అన్నారు.