మరిచిపోయిన సామాను

తేనెకొండ మీది గూడేన్ని విహారమంత్రి వజ్రనాథుడు ఒక పున్నమినాడు కనిపెట్టాడు. అప్పటికి ఏడు తరాలుగా గూడెంవాళ్లు అక్కడే ఉంటున్నారు గానీ, పాపం, వాళ్లకి కనిపెట్టడం చేతకాలేదు.

"భూలోక స్వర్గం!" అని నగరంలో దండోరా వేయించి, పున్నమి పున్నమికీ షావుకార్లను పల్లకీల్లో తోలుకొచ్చాడు. గూడెంవాళ్లు తాగే ఊటలో షావుకార్లు కాళ్లు కడుక్కున్నారు, గూడెంవాళ్లు అంబలి తాగుతుంటే చుట్టూ నిలబడి చూశారు, ఎంగిలి విస్తళ్లూ ఎముకలూ పగిలిన కుండలూ వదిలేసి వెళ్లారు. ఊట నీళ్లు కంపుకొట్టాయి.

చుట్టాలు ఏదైనా మరిచిపోతే డప్పులతో తీసుకెళ్లి అప్పగించడం ఆ గూడెం ఆచారం. మేకలు కాసే బూదెమ్మ ఆచారం తప్పలేదు. గూడెమంతటినీ నడిపించుకొచ్చి, నిండు సభలో రాజుగారి ముందు నలభై గంపలు దింపించింది.

మంత్రి ముక్కు మూసుకున్నాడు. "ఛీ! ఈ చెత్త ఇక్కడికెందుకు తెచ్చావే?"

బూదెమ్మ బుగ్గలు నొక్కుకుంది. "చెత్తా బాబూ? స్వర్గంలో ఎవరైనా చెత్త పోస్తారా? మీవాళ్లు మరిచిపోయారనుకున్నాం."

రాజు మంత్రివైపు తిరిగాడు. "ఏమిటిది? చెత్తా, సామానా?"

చెత్త అంటే స్వర్గాన్ని తానే పాడుచేయించినట్టు ఒప్పుకోవాలి. మంత్రి ముక్కు మీంచి చెయ్యి తీశాడు. "సామానే ప్రభూ. మరిచిపోయారు."

"అయితే మీ ఇంట్లో భద్రంగా దాచండి," అన్నాడు రాజు.

బూదెమ్మ దణ్ణం పెట్టింది. "వచ్చే పున్నమికి పల్లకీలు ఖాళీగా పంపించండి మారాజా. ఇంకా సగం సామాను కొండమీదే ఉంది."