మబ్బులో మామిడి మడులు

చిలకలంక మొత్తం మీద తెలివైన ఇల్లు ఏదని అడిగితే మాదే అని పల్లావారు చెబుతారు. ఊరివాళ్ళు కాదనరు, నవ్వి ఊరుకుంటారు. పల్లావారంటే ముగ్గురే. పెద్దవాడు తాతబ్బాయి, అతని భార్య వెంకాయమ్మ, తమ్ముడు అబ్బులు. ముగ్గురూ కలిసి మొక్కల నర్సరీ నడుపుతారు.

"తెలివంటే చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడం" అనేవాడు తాతబ్బాయి, మొక్కలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ. "లోకంలో అందరికీ ఒకటి చెబితే ఇంకోటి అర్థమవుతుంది. మా ఇంట్లో ఆ జబ్బు లేదు."

లేదు మరి. ఓసారి బస్సులో 'తల బయట పెట్టరాదు' అని రాసి ఉంటే, తాతబ్బాయి దిగేటప్పుడు తల లోపలే ఉంచి మిగతా ఒళ్ళంతా కిందికి దించాడు. కండక్టరు వచ్చి తోసేదాకా అలాగే వేలాడాడు.

వాళ్ళ నాన్న సుబ్బన్న మాత్రం నిజంగానే తెలివైనవాడు. నలభై మడుల నిండా మామిడి అంట్లు కట్టి పోయాడు. మడికి నంబరు వేసి, ఏ మడిలో ఏ రకమో మూడు నోటుపుస్తకాల్లో పెన్సిల్‌తో రాసుకున్నాడు. చిన్నప్పుడు మామిడి మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. బంగినపల్లి ఏదో సువర్ణరేఖ ఏదో ఆకు చూసి చెప్పలేం. తప్పు మొక్క ఇస్తే కాపుకొచ్చాక గాని బయటపడదు, అప్పటికి అయిదేళ్ళు పోతాయి. అందుకని ఆ మూడు పుస్తకాలే నర్సరీకి ప్రాణం.

ఆ ఏడు పక్క మండలంలోని ఆడవాళ్ళ రైతుసంఘం ఆరువందల అంట్లు కావాలంది. బంగినపల్లి రెండొందలు, సువర్ణరేఖ రెండొందలు, చెరకురసం రెండొందలు. సంఘం పెద్ద సుందరమ్మగారు గురువారం పొద్దున లారీ తీసుకొస్తానంది. "సుబ్బన్నగారి నర్సరీ అని నమ్మి వస్తున్నాం బాబూ, రకం మాత్రం మారకూడదు" అని మరీ మరీ చెప్పింది.

ఆ ముందు ఆదివారం వెంకాయమ్మ పిన్ని కూతురు ప్రసూన విశాఖపట్నం నుంచి చూడటానికి వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. చూరు కింద చెమ్మ తగిలి ఉబ్బిపోయిన పుస్తకాలు చూసి నొచ్చుకుంది.

"ఇవి పాడైతే ఎలా బావగారూ? క్లౌడ్‌లో పెట్టుకోకూడదా?"

"క్లౌడంటే?" అన్నాడు తాతబ్బాయి.

"మబ్బు" అని, ప్రసూన స్నానానికి వెళ్ళింది.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిజమే కదరా" అన్నాడు తాతబ్బాయి. "వాన మబ్బు కిందే పడుతుంది. మబ్బు లోపల పడదు. అంతకన్నా పొడి చోటు ఎక్కడుంది?"

అంతే. పుస్తకాలు మూడూ దోటీ కొసకి కట్టి, వెంకాయమ్మని కూడా పిలుచుకుని డాబా ఎక్కారు. అబ్బులు మునివేళ్ళ మీద నిలబడి దోటీ పైకెత్తాడు. నల్లటి మబ్బు ఒకటి మెల్లగా వచ్చి సరిగ్గా నెత్తి మీద ఆగింది.

"తీసుకుంటోందా?"

"లేదన్నయ్యా. చదువుతున్నట్టుంది."

ఇంకేముంది, కుండపోతగా కురిసింది. ప్రసూన తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ పుస్తకాలతో సహా తడిసి ముద్దయి నిలబడి ఉన్నారు.

"నచ్చలేదమ్మా దానికి" అన్నాడు అబ్బులు.

పెన్సిల్ రాత కాబట్టి అక్షరాలు చెరగలేదు. పుస్తకాలు దండెం మీద ఆరేసి, ప్రసూన అందర్నీ కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పింది.

"క్లౌడంటే ఆకాశంలో మబ్బు కాదు బావగారూ. ఎక్కడో పెద్ద పెద్ద భవనాల్లో వేల కంప్యూటర్లు పెట్టి ఉంచుతారు. మనం కొనక్కర్లేదు, ఇంటర్నెట్ మీద అద్దెకి వాడుకోవచ్చు. అది మూడు రకాలు. మీ నర్సరీ లెక్కనే చెబుతా వినండి. మొదటి రకం ఉత్త నేల అద్దెకిచ్చినట్టు. నేల, నీళ్ళు, కరెంటు వాళ్ళవి. మడి కట్టడం, ఎరువెయ్యడం, కంచె, మొక్క, కాపలా అన్నీ మనవే. దాన్ని ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటారు. రెండోది మడి కట్టి, ఎరువేసి, నీడకి షేడ్‌నెట్ కూడా కట్టి ఇచ్చినట్టు. మనం మొక్క తెచ్చి నాటుకుంటే చాలు. అది ప్లాట్‌ఫాం. మూడోది పూసిన పూలకుండీ తెచ్చి ఇంట్లో పెట్టినట్టు. కుండీ సంగతంతా వాళ్ళే చూసుకుంటారు, మనం పూలు కోసుకోవడమే. అది సాఫ్ట్‌వేర్. ఎవరి పని ఎంత అన్నదే మూడింటికీ తేడా."

"అర్థమైంది" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. ప్రసూనకి అప్పుడే కొంచెం భయమేసింది.

"మీకు మూడోదే సరిపోతుంది" అంది.

"ఆలోచించుకుంటాం" అన్నాడు తాతబ్బాయి పెద్దరికంగా. ప్రసూన సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

"పూలకుండీ పెట్టుకోవడానికి మనమేమన్నా ఉద్యోగస్తులమా?" అన్నాడు తాతబ్బాయి ఆమె వెళ్ళాక. "మొదటిదే మనకి మర్యాద. నేల వాళ్ళదట. కంచె మనం వేసుకోవాలట."

సోమవారం మధ్యాహ్నానికి ప్రసూనకి ఆఫీసు కింద నుంచి పిలుపొచ్చింది. దిగి చూస్తే వెదురు బొంగులు, ముళ్ళకంప, తీగ చుట్ట. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే అమ్మాయి బల్ల చుట్టూ నడుమెత్తు కంచె. అబ్బులు ఆఖరి ముడి వేస్తున్నాడు. ఆ అమ్మాయి లోపల కంప్యూటర్ పక్కన కదలకుండా కూర్చుని ఉంది.

"ఇక మేక దూరదు" అన్నాడు అబ్బులు.

"ఇక్కడికి మేకలు రావండీ" అంది ఆ అమ్మాయి.

"కంచె వేశాక ఎలా వస్తాయమ్మా."

ప్రసూన వాచ్‌మన్‌ని బతిమాలి కంచె విప్పించింది. అబ్బులుకి భోజనం పెట్టించి, బస్సెక్కిస్తూ చెప్పింది. "నేలంటే మాటవరసకి అన్నాను బావా. ఉత్త కంప్యూటర్ ఇస్తారు, దాంట్లో సమస్తం మనమే ఎక్కించుకుని మనమే కాపాడుకోవాలి. అది తెలిసినవాళ్ళ పని. రెండోది కూడా మీకొద్దు. దానికి సొంతంగా ప్రోగ్రాం రాయడం రావాలి."

"ప్రోగ్రామేగా" అన్నాడు అబ్బులు. "వదిన రాస్తుంది."

మంగళవారం వెంకాయమ్మ పొద్దుటి నుంచీ కూర్చుని రాసింది. కొట్టేసి మళ్ళీ రాసింది. మధ్యాహ్నం ప్రసూనకి ఫోన్ చేసి చదివి వినిపించింది.

"ముందు ప్రార్థన. తర్వాత జ్యోతి ప్రజ్వలన. స్వాగతం మీ బావగారు. అబ్బులు నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ తర్వాత పిల్లల కోలాటం, పులిహోర, వందన సమర్పణ. కోలాటం ముందుండాలా, పులిహోర ముందుండాలా, అదొక్కటే తేలట్లేదే."



"అక్కా" అంది ప్రసూన. "ప్రోగ్రాం చాలా బాగుంది. అది దాచిపెట్టు. గురువారానికి ఇంక ఒక్క రోజే ఉంది. మూడోది నేనే పెట్టి పంపిస్తాను. నీ ఫోన్‌లో గళ్ళు కనిపిస్తాయి. మావయ్య పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు ఆ గళ్ళలో ఎక్కించండి. పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోమంటుంది. అది మీ తాళంచెవి. ఎవరికీ చెప్పకండి."

బుధవారం ముగ్గురూ వంట మానేసి కూర్చున్నారు. తాతబ్బాయి చదివాడు, వెంకాయమ్మ ఎక్కించింది. ఉన్నది ఉన్నట్టే. 'ఒకటో మడి, బంగినపల్లి. ఇక్కడ నూనె మరక.' 'రెండో మడి, చెరకురసం. ఇక్కడ బల్లి నడిచింది.' పాస్‌వర్డ్ పని అబ్బులుది. ఎవరికీ తెలియకూడదు కదా అని కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కాడు. రెండోసారి కూడా కొట్టమంటే మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. వేలు కదపకుండా ఒకేచోట పదేసిసార్లు నొక్కాడు కాబట్టి రెండూ సరిపోయాయి.

"నువ్వు చూడొచ్చు కదా అబ్బులూ" అంది వెంకాయమ్మ.

"నేను మాత్రం ఎవరో ఒకణ్ణే కదా వదినా."

పని పూర్తయిందని ప్రసూనకి చెబితే ఆ పిల్ల సంబరపడింది. "హమ్మయ్య. ఇంక ఆ పుస్తకాలు చెడినా బెంగలేదు" అంది. చెడినా బెంగలేదన్నాక వాటిని ఇంట్లో ఉంచడం దేనికి? వెంకాయమ్మ మూడు పుస్తకాలూ చింపి, పేడలో కలిపి, ఎరువు గుంటలో వేసి తొక్కింది.

గురువారం పొద్దున్నే లారీ వచ్చింది. సుందరమ్మగారు, ఆవిడతో పదిమంది ఆడవాళ్ళు దిగారు. వెంకాయమ్మ దర్జాగా ఫోన్ తెరిచింది. అది పాస్‌వర్డ్ అడిగింది. అబ్బులు కళ్ళు మూసుకుని నొక్కాడు. తప్పంది. ఇంకోసారి నొక్కాడు. తప్పంది.

తాతబ్బాయి నలభై మడుల వైపు చూశాడు. అన్నీ పచ్చగా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తన ఫోన్ తీసి ప్రసూనకి చేశాడు.

"ఏం కాదు బావగారూ" అందామె. "పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కండి. అక్క ఫోన్‌కి ఒక నంబరు వస్తుంది. వచ్చిందా? దాని మీద కొట్టమనండి."

"కొట్టాలటరా" అన్నాడు తాతబ్బాయి.

"గట్టిగానా అడుగు" అన్నాడు అబ్బులు.

"గట్టిగానా అమ్మాయ్?"

"గట్టిగా ఎందుకు, మామూలుగానే."

అబ్బులు బొంగులు దిగ్గొట్టే సుత్తి తెచ్చి మామూలుగానే కొట్టాడు. అంతే. ఫోన్ మూడు ముక్కలైంది.

వెంకాయమ్మ కూలబడిపోయింది. "పుస్తకాలు ఎరువైపోయాయి, ఫోన్ ముక్కలైపోయింది" అని చెంగు నోట్లో కుక్కుకుంది. "మావగారి నలభై మడులూ పేరు లేకుండా పోయాయి."

తాతబ్బాయి ఫోన్లో జరిగింది జరిగినట్టు చెప్పాడు. ప్రసూన మాట మాత్రం చల్లగానే వచ్చింది.

"బావగారూ, మడుల పట్టీ ఆ ఫోన్‌లో లేదు. క్లౌడ్‌లో ఉంది. ఫోన్ పగిలినా దానికేం కాదు, ఏ ఫోన్‌లోనుంచైనా చూడొచ్చు. రెండో నంబరుగా నాది ఇచ్చి ఉంచాను. అక్కడ ఫోన్ వాడటం తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

"నేనున్నాను" అన్నాడు అబ్బులు.

"మీరు కాదు బావా."

సుందరమ్మగారు ముందుకొచ్చి తన ఫోన్ తీసింది. ప్రసూన చెప్పినట్టల్లా చేసింది, కొత్త పాస్‌వర్డ్ కళ్ళు తెరిచే పెట్టింది. రెండు నిమిషాల్లో నలభై మడులూ ఆవిడ అరచేతిలోకి వచ్చాయి. ఒక్కో మడి దగ్గర నిలబడి పైకి చదవడం మొదలుపెట్టింది. నూనె మరకల దగ్గరా బల్లి దగ్గరా కాసేపు ఆగింది. పన్నెండో మడి దగ్గర మాత్రం నెమ్మదిగా చదివింది.

"'సువర్ణరేఖ. ఈ మడి పెద్దాడు కట్టాడు. ఒక్క అంటూ చావలేదు. వాడి చెయ్యి మంచిది.'"

నిన్న చదివింది తాతబ్బాయే. కాని అప్పుడతని ధ్యాసంతా అక్షరాల మీదే ఉంది. ఇంకొకరి నోట వింటే నాన్న అన్నట్టే ఉంది. అటు తిరిగి, తడిపిన మొక్కలే మళ్ళీ తడిపాడు.

మధ్యాహ్నానికి ఆరువందల అంట్లూ రకం తప్పకుండా లారీ ఎక్కాయి. సుందరమ్మగారు ముగ్గురికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. తాతబ్బాయి ప్రసూనకి ఫోన్ చేసి అంతా సవ్యంగా జరిగిందని చెప్పాడు.

"చాలా సంతోషం" అంది ప్రసూన. "అన్నట్టు, పనయ్యాక ఆవిడ ఫోన్‌లోంచి బయటికి వచ్చేశారు కదా?"

"రాలేదే."

"అయ్యో. అయితే మీరింకా అందులోనే ఉన్నారు. ఆవిడ ఇంటికి చేరాక నేను ఫోన్ చేసి బయటికి పంపించమంటాను. మీరు కంగారుపడకండి."

తాతబ్బాయి ఫోన్ పెట్టేసి సంగతి చెప్పాడు. ముగ్గురూ కాసేపు ఆలోచించారు.

"ఊపిరాడుతూనే ఉంది" అన్నాడు అబ్బులు.

"మంచి ఫోనే. ఈ మధ్యనే కొన్నదట" అంది వెంకాయమ్మ. మనుషులు లేని ఇంట్లో పొయ్యి వెలగకూడదని ఎసరు దించేసింది. తలుపులు మూసి గడియ పెట్టి, ముగ్గురూ చాప మీద ఒద్దికగా కూర్చున్నారు. లారీ ఎక్కడ మలుపు తిరుగుతుందో అని గోడ పట్టుకున్నారు.

సాయంత్రం ఎవరో గులాబీ మొక్కల కోసం వచ్చి తలుపు తట్టారు.

"ఇంట్లో ఎవరూ లేరండీ" అన్నాడు తాతబ్బాయి లోపల నుంచి. "సుందరమ్మగారి ఫోన్‌లో ఉన్నాం."

"ఎప్పుడొస్తారు?" అన్నాడు వచ్చినాయన.

"మా చేతిలో ఏముంది? ఆవిడ నొక్కాలి."