ముగ్గురు పంచిన వెలుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పొద్దుగూకితే గూటిగూటికీ దీపం వెలిగేది. నవ్వకండి పిల్లలూ, నిజమే! ఒక ముసలి ఎలుగుబంటి మిణుగురులను పట్టి, చిల్లుల సొరబుర్రల్లో పెట్టి, మోసుకెళ్లి అందరి గుమ్మాలకూ తగిలించేది. ఒక్కోరోజు ఆలస్యమయ్యేది. అప్పుడు జంతువులన్నీ దాన్ని తిట్టిపోసేవి. అది గొణుక్కుంటూనే దీపం తెచ్చి పెట్టేది.

నక్కలకు సలహాలకేం కొదవ!

"మహారాజా, ఆ ముసలిదాన్ని సాగనంపండి. పని మూడు ముక్కలు చేద్దాం. నేను మిణుగురులను పడతాను. కోతి మోస్తుంది. పిల్లి పంచుతుంది" అంది నక్క. సింహం సరేనంది.

కొన్నాళ్లు బాగానే వెలిగింది. ఒక ముసురు సాయంత్రం కుందేలు బొరియకు దీపం రాలేదు. చీకట్లో పిల్లల మీదికి పాము వస్తుందని దానికి భయం. పిల్లి దగ్గరికి పరుగెత్తింది.

"కోతి తెస్తేగా నేను పంచేది?" అంది పిల్లి.

"నక్క పడితేగా నేను మోసేది?" అంది కోతి.

"బోలెడన్ని పట్టాను. వెళ్లి పిల్లినే అడుగు" అంది నక్క.

కుందేలు ఇల్లు చేరేసరికి బొరియలో పిల్లలు లేవు. పాము జాడ మాత్రం ఉంది.

ఆ తర్వాత ఏటి అవతలి అడవి నుంచి ఒక దుప్పి వచ్చింది. ఈ కొత్త పద్ధతి చూసి రమ్మని వాళ్ల రాజు పంపాడు. నక్క దానికి లేత గడ్డి మేపి, సింహం గుహ ముందు జిగేలుమనే దీపాలు చూపించింది. దారిలో కుందేలు అడ్డం పడింది.

"దుప్పక్కా! దీపం లేని ఇల్లు కూడా చూసిపో. దీపం రాకపోతే ఎవరిని అడగాలో కనుక్కుని పో. నీకూ బిడ్డ ఉంది కదా!"

"పాపం, దానికి మతి చెడింది" అంది నక్క. దుప్పి అటునుంచి అటే వెళ్లిపోయి, పద్ధతి మహా బాగుందని తన రాజుకు చెప్పింది.

అక్కడా పని మూడు ముక్కలైంది. అక్కడా ఒక సాయంత్రం దీపం రాలేదు. దుప్పి అక్కడి ముగ్గురి చుట్టూ తిరుగుతుండగానే తోడేలు దాని బిడ్డను ఎత్తుకుపోయింది.

కొన్నాళ్లకు మరో అడవి నుంచి దుప్పి దగ్గరికి ఒక జింక వచ్చింది. దాని వెనకే బుల్లి పిల్ల గెంతుతోంది.

"అక్కా, మీ పద్ధతి మేమూ పెట్టుకోవచ్చా?"

దుప్పి ఆ పిల్లను చూసింది. నిజం చెబితే, ఈ పద్ధతిని తెచ్చింది నువ్వే కదా అని అడవంతా తన మొహాన ఉమ్మేస్తుందని దాని భయం.

"నిక్షేపంగా పెట్టుకోండి" అంది.

ఛీ, ఏం బతుకమ్మా అది! జింక మాత్రం దండం పెట్టి, బిడ్డను వెంటేసుకుని సంబరంగా ఇంటిదారి పట్టింది.

నీతి: పొరుగువారి పద్ధతి తెచ్చుకునే ముందు, దానివల్ల నష్టపోయినవారి మాట వినాలి. తన నష్టాన్ని దాచి మెచ్చుకునేవాడు ఇతరుల బిడ్డలను బలిపెడతాడు.